నాలుగు గొంతుల పాటను నలుగురు వాయిద్యగాళ్ళకు కట్టడం ఎలా

చర్చి పాటల బృందం, అంటే క్వయర్, పాడే పాటను వాయిద్యాలకు కట్టగానే అందులోంచి ముందు జారిపోయేది మాట. స్వరాలన్నీ కాగితం మీద భద్రంగానే ఉంటాయి. పై ఆడగొంతు సోప్రానో చోట వయొలిన్, కింది మగగొంతు బాస్ చోట యుఫోనియం అనే ఇత్తడి వాయిద్యం వచ్చి కూర్చుంటాయి. వింటే మాత్రం అందులో ప్రార్థన వినపడదు. అందుకే నేను ప్రతి వాయిద్యం కాగితంలోనూ స్వరం కింద మాట రాసి ఇస్తాను. పాడేవాళ్ళు ఎవరూ లేకపోయినా రాస్తాను. మిగతా పద్ధతంతా ఆ ఒక్క అలవాటు మీదే నడుస్తుంది.

నేను ఒంగోలులో బాప్టిస్టు చర్చి క్వయర్లో పెరిగాను, ఇప్పుడు క్వయర్ నడుపుతున్నాను. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం మాది. మిషనరీల కాలం నుంచి నాలుగు గొంతుల పాట మాకు అలవాటు. కానీ ఇప్పుడు పిల్లలంతా హైదరాబాదు, బెంగళూరు ఉద్యోగాలకు వెళ్ళిపోయాక టెనర్లు, అంటే పై మగగొంతువాళ్ళు, దొరకడం లేదు. బ్యాండు మేళం వాళ్ళు మాత్రం టంగుటూరు, సింగరాయకొండ, కందుకూరు ఎటు చూసినా ఉన్నారు. క్లారినెట్టు, శాక్సాఫోన్, యుఫోనియం పుట్టినప్పటి నుంచీ చేతిలో ఉన్నట్టు వాయిస్తారు. నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారు పుట్టిన కరవది మా పక్క ఊరే. ఊపిరితో వాయించే విద్యకు ఈ నేల మీద ఏ లోటూ లేదు. ఆ ఊపిరిని నాలుగు గొంతుల పాటలోకి తీసుకురావడమే మనం చేయాల్సింది.

ఏ పాట తీసుకోవాలి

మొదటిసారికి మోజార్ట్ లాటిన్ పాట 'ఆవే వేరుమ్ కోర్పుస్' తీసుకోండి. 1791 జూన్‌లో, చనిపోయిన సంవత్సరంలోనే, బాదెన్ ఊళ్ళో క్వయర్ నడిపే స్నేహితుడు ఆంటోన్ ష్టోల్ కోసం రాశాడు. మొత్తం 46 బార్లు (నిలువు గీతల మధ్య గదులు). నిదానంగా వాయించినా మూడు, మూడున్నర నిమిషాలు. నాలుగు గొంతులు, తీగ వాయిద్యాలు, ఆర్గన్ ఉంటాయి. గొంతులు చాలావరకు కలిసి కదులుతాయి కాబట్టి ఎవరైనా దారి తప్పినా పక్కవాణ్ణి విని అందుకోగలరు. మొదట్లోనే 'సొట్టో వోచే' అని, అంటే గొంతు తగ్గించి పాడమని, మోజార్టే రాసిపెట్టాడు. ఇది ప్రభువు బల్ల దగ్గర, రొట్టె ద్రాక్షరసం పంచేటప్పుడు, వాయించడానికి తగిన పాట.

అల్లెగ్రి 'మిజెరేరే' లాంటివి ఇప్పుడే ముట్టుకోవద్దు. అందులో అయిదు గొంతుల క్వయర్ ఒకవైపు, నాలుగు గొంతుల క్వయర్ ఇంకోవైపు ఉంటాయి. నలుగురితో కడితే ఎముకలు కూడా మిగలవు.

హక్కుల గురించి చాలామంది అడుగుతారు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళకు హక్కు తీరిపోతుంది. మోజార్ట్ విషయంలో బెంగే లేదు. కానీ ఈమధ్య ఎవరో కొత్తగా కట్టిన అరేంజ్‌మెంట్‌ను ఎత్తి రాసుకోవడం వేరు. అన్ని వరసలూ రాసి ఉండే అసలు స్కోరు దగ్గరికే వెళ్ళండి, పాతవి నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

శృతి కుదిరితే సగం పని అయినట్టే

మా జట్టు ఇది: సోప్రానోకి వయొలిన్, కింది ఆడగొంతు ఆల్టోకి బి ఫ్లాట్ క్లారినెట్టు, టెనర్‌కి టెనర్ శాక్సాఫోన్, బాస్‌కి యుఫోనియం. కీబోర్డు పెట్టను. కరెంటు పోతే పాట సగంలో ఆగిపోతుందన్నది ఒక కారణం. రెండో కారణం ఇంకా పెద్దది. కీబోర్డులో అంతర గాంధారం సహజంగా పలికే గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ. సెంట్లంటే అరస్వరాన్ని వంద భాగాలు చేసిన లెక్క. నలుగురూ ఒకరినొకరు వింటూ వాయిస్తే గాంధారం తనంతట తానే సరైన చోట కూర్చుంటుంది. పక్కన కీబోర్డు మోగుతుంటే అది కుదరదు, రెండు గాంధారాలూ ఒకదానితో ఒకటి పొసగవు.

క్లారినెట్టుకు సోప్రానో గొంతు ఎందుకివ్వలేదో కూడా చెప్పాలి. అసలు పాట డి మేజర్లో, అంటే మన లెక్కలో రెండో శృతిలో ఉంది. మొదట్లోనే పైగొంతు ప నుంచి ప్రతి మధ్యమం (పెద్ద మ) మీదుగా శుద్ధ మధ్యమానికి (చిన్న మ) అరస్వరం అరస్వరంగా దిగుతుంది. పాట ప్రాణం అక్కడే ఉంది. డి మేజర్లో క్లారినెట్టు మీద సరిగ్గా ఆ దిగుడులోనే రిజిస్టరు, అంటే వాయిద్యం పైగొంతు నుంచి కిందిగొంతుకు మారే గడప, వస్తుంది. రంధ్రాలన్నీ మూసి, రిజిస్టర్ కీ నొక్కి పలికిస్తున్న స్వరం నుంచి, దాదాపు వేళ్ళన్నీ ఎత్తేసి పలికించే స్వరానికి రావాలి. ఎంత చేయి తిరిగినవాడికైనా నిదానం పాటలో, చిన్న శబ్దంలో అక్కడ చిన్న కుదుపు వస్తుంది. పాటను కిందికి దించినా పైగొంతు ఆ గడపను ఇంకో చోట దాటుతూనే ఉంటుంది. వయొలిన్‌కి ఆ బాధ లేదు. ఆల్టో గొంతు ఎక్కువగా ఆ గడప కిందే తిరుగుతుంది కాబట్టి క్లారినెట్టు అక్కడ హాయిగా ఉంటుంది.

ఇక అసలు ఉపాయం. పాట మొత్తాన్ని డి నుంచి సి కి, రెండో శృతి నుంచి ఒకటో శృతికి దించండి. బి ఫ్లాట్ వాయిద్యం తను చదివే స్వరం కన్నా ఒక పూర్తి స్వరం కింద పలుకుతుంది. అంటే సి లో పలకాలంటే డి లో చదవాలి. అసలు స్కోరు డి లోనే ఉంది! క్లారినెట్టు అచ్చులో ఉన్న ఆల్టో వరసను ఉన్నది ఉన్నట్టు వాయిస్తే చాలు. టెనర్ శాక్సాఫోన్ దానికన్నా ఇంకో స్థాయి కింద పలుకుతుంది. ఇప్పటి అచ్చుల్లో టెనర్ వరసను ట్రెబుల్ క్లెఫ్‌లో (పైగొంతులకు వాడే గుర్తుతో) ఒక స్థాయి పైన రాస్తారు కాబట్టి అది కూడా అచ్చులో ఉన్నట్టే సరిపోతుంది. మీరు దించి రాయాల్సినవి వయొలిన్, యుఫోనియం వరసలు రెండే. డి లోనే ఉంచేస్తే క్లారినెట్టు, శాక్సు రెండూ నాలుగు షార్పుల్లో (అరస్వరం పెంచే గుర్తులతో) చదవాల్సి వచ్చేది. ఇప్పుడు రెండే షార్పులు.

దించితే పాటలో వెలుగు కొంచెం తగ్గుతుంది. నా చెవికి ప్రభువు బల్ల దగ్గర ఆ తగ్గు వెలుగే బాగుంటుంది. పెద్ద పండగ రోజున వాయించేదైతే వేరేలా ఆలోచిస్తాను.

స్టాఫ్ రానివాళ్ళకు స్వరాల్లో రాయడం

మా బ్యాండువాళ్ళలో స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదివేవాళ్ళు తక్కువ, సరిగమలు రానివాళ్ళు ఇంకా తక్కువ. అందుకని నేను రెండూ రాస్తాను. పైన స్టాఫ్, దాని కింద తెలుగులో స్వరాలు, వాటి కింద మాట. సా అంటే రెండు అక్షరాలు, కామా పెడితే ఇంకొకటి, సెమీకోలన్ అయితే ఇంకో రెండు. ప్రతి నాలుగు లెక్కలకు గీత. తారస్థాయికి పైన చుక్క, మంద్రానికి కింద చుక్క. ఇవి మనవాళ్ళకు కొత్తగా నేర్పాల్సినవేం కావు.

స అనేది ఎక్కడ అన్నది మాత్రం ఒక్కొక్కరి కాగితం మీద స్పష్టంగా రాయాలి. వయొలిన్‌కి స అంటే సి. క్లారినెట్టుకీ శాక్సుకీ స అంటే వాళ్ళ వాయిద్యం మీద డి వేళ్ళు. అందరికీ ఒకే స్వరం పేరు, వేళ్ళు వేరు. రిహార్సల్లో "పంచమం పట్టండి" అంటే నలుగురూ ఒక్కసారే అందుకుంటారు. "జి పట్టండి" అంటే ముగ్గురు మూడు చోట్లకు పోతారు.

పాట నడుమ శృతి మారుతున్నట్టు వినిపించే చోట కొత్తవాళ్ళు కంగారుపడి స చోటును జరిపేస్తుంటారు. జరపక్కర్లేదు. మొదలు శంకరాభరణం స్వరాలే. 'ఇన్ క్రూచే ప్రో ఓమినే' అని మొదటి సగం ముగిసేటప్పటికి పాట పంచమం మీద ఆనుకుని ఉంటుంది, అక్కడ ప్రతి మధ్యమం వస్తుంది. కల్యాణి స్వరాలని రాస్తే చాలు. తర్వాత 'కూయుస్ లాతుస్ పెర్ఫొరాతుమ్', ప్రక్కలో బల్లెపు పోటు దగ్గర, పాట ఒక్కసారిగా చీకటి పడుతుంది. డి లో ఉన్న అసలు పాట అక్కడ ఎఫ్ మేజర్ వైపు తిరుగుతుంది. సి లోకి దించాం కాబట్టి మనకది ఇ-ఫ్లాట్ (E♭) మేజర్. ఆ స్వరాలన్నీ మన స నుంచి లెక్కపెట్టి చూడండి: స, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. నఠభైరవి! కాగితం మీద ఆ బార్ల పైన 'నఠభైరవి స్వరాలు' అని రాశాను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పెరిగినవాళ్ళకు కీర్తన మీద రాగం పేరు చూడటం అలవాటే. ఆ ఒక్క మాటతో చేతులు సర్దుకుంటాయి. దారిన పోయే పరాయి స్వరాలు ఒకటి రెండు ఉంటాయి. వాటికి చుట్టూ సున్నా చుట్టండి.

వయొలిన్ వాయించేవారు కర్ణాటక సంగీతం నేర్చినవారైతే తీగలు ఎలా కట్టుకోవాలన్నది వారికే వదిలేయండి. ఒకటో శృతిలో స ప లు తీగల మీదే ఉంటాయి కాబట్టి వాయిద్యం నిండుగా మోగుతుంది. గమకం (స్వరాన్ని ఊపడం) సంగతి మాత్రం మొదటి రోజే మాట్లాడుకోవాలి. "ముత్తుస్వామి దీక్షితుల నోటు స్వరాలు వాయించినట్టు వాయించండి" అంటే వెంటనే అర్థమవుతుంది. దీక్షితులవారు ఇంగ్లీషు బ్యాండు మెట్లకు సంస్కృత సాహిత్యం కట్టిన ఆ పాటల్లో స్వరం నిటారుగా నిలబడుతుంది, ఊగదు. ప నుంచి రెండు మధ్యమాల మీదుగా దిగే చోట వేలు జారకూడదు. మూడు స్వరాలూ మూడు మెట్లుగా వినపడాలి.

మాటను వాయిద్యంలోకి దించడం

ఇక్కడ తొందరపడకండి. నా అనుభవంలో పాట నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

ఒక్కో వరసను తీసుకుని మీరే మాటలతో పైకి పాడండి. పెన్సిల్ చేతిలో ఉండాలి. ఒకే అక్షరం రెండు మూడు స్వరాల మీద సాగితే వాటన్నిటినీ ఒక గీతతో కలపండి: ఊదేవాళ్ళ నాలుక తగలకుండా, వయొలిన్ విల్లు తిప్పకుండా ఒకే ఊపిరిలో పోవాలి. కొత్త అక్షరం వస్తే, స్వరం మారకపోయినా సరే, నాలుక తగలాలి. ఈ రెండో సూత్రాన్ని చాలామంది వదిలేస్తారు. లోపలి గొంతుల్లో ఒకే స్వరం మీద రెండు మూడు అక్షరాలు రావడం మామూలు. అరేంజర్లు చూడటానికి శుభ్రంగా ఉంటుందని వాటిని కలిపి ఒక పొడుగు స్వరం చేసేస్తారు. అప్పుడు ఆల్టో, టెనర్ల మాట చచ్చిపోయి, కింద శృతిపెట్టె మోగుతున్నట్టు ఉంటుంది. కలపొద్దు. రెండు అక్షరాలైతే రెండు స్వరాలే రాయండి.

ఆ నాలుక ఎలా తగలాలో మాటే చెబుతుంది. 'వేరుమ్' లో వ మెత్తన. 'కోర్పుస్' లో క కొంచెం గట్టి, ప పెదవులు మూసి తెరిచినట్టు. చివర 'స్' కోసం స్వరం ఒక వెంట్రుకవాసి ముందే వదలాలి. ఊరేగింపులో వాయించే అలవాటున్న నాలుక ప్రతి స్వరాన్నీ 'త' అని కొడుతుంది. ఇక్కడ 'ద' అనమని చెప్పండి. ఇది మాటల్లో చెబితే ఎక్కదు. మా క్లారినెట్టు పెద్దాయన మొదట్లో "మాటలెందుకబ్బయ్యా, సొరాలియ్యి చాలు" అన్నారు. "ఒక్కసారి పాడండి బాబాయ్, తర్వాత మీ ఇష్టం" అన్నాను. క్లారినెట్టు ఒళ్ళో పెట్టుకుని, నా వెంట 'కోర్పుస్' అని రెండు మూడుసార్లు పాడి, వెంటనే వాయించారు. ఆ 'స్' దగ్గర ఊపిరి వదిలిన తీరు నేను రాసి చూపించగలిగేది కాదు. అప్పటి నుంచి కాగితంలో మాట లేకపోతే ఆయనే అడుగుతారు.

అర్థం కూడా చెప్పండి. నలుగురిలో హిందువులుంటారు, ముస్లింలుంటారు. కన్యక కడుపున పుట్టి, మనుషుల కోసం సిలువ మీద బాధపడిన శరీరమా నీకు వందనం, మరణపు పరీక్షలో మాకు ముందు రుచివై ఉండు, ఇంతే ఆ ప్రార్థన. విన్నాక మరణపు మాట దగ్గర పెద్దగా ఊదేవాళ్ళను నేను చూడలేదు.

చివర్లో 'ఎస్తో నోబిస్' దగ్గర గొంతులు రెండు జతలుగా విడిపోతాయి. సోప్రానో, ఆల్టో ముందు వెళితే టెనర్, బాస్ వెనక అందుకుంటాయి. వెనక జతకు ముందు జత కన్నా ఒక పిసరు ఎక్కువ శబ్దం ఇవ్వండి, లేకపోతే వాళ్ళు వచ్చిన సంగతే తెలియదు. ఆ తర్వాత 'మోర్తిస్' మాట తిరిగొచ్చినప్పుడు మొదటి అక్షరమే చాలా స్వరాల మీద సాగుతుంది. వయొలిన్ అక్కడ విల్లును పొదుపుగా వాడాలి. తిప్పక తప్పకపోతే బలమైన లెక్క మీద కాకుండా దాని పక్కన తిప్పమనండి.

ఊపిరి ఎక్కడ

క్వయర్లో ఒక గొంతుకు అయిదుగురుంటే ఒకరి తర్వాత ఒకరు దొంగచాటుగా ఊపిరి తీసుకుంటారు, పాట తెగదు. మన దగ్గర గొంతుకు ఒక్కరే. అందుకని ముగ్గురు ఊదేవాళ్ళ ఊపిరులను మీరే ముందుగా పంచాలి. మాటలో కామా పడే చోట అందరూ కలిసి తీసుకోవచ్చు, అది పాటకు కూడా ఊపిరే. అక్కడిదాకా ఆగలేనప్పుడు క్లారినెట్టు తీసుకునే చోట శాక్సు కదులుతూ ఉండాలి, శాక్సు తీసుకునే చోట యుఫోనియం నిండుగా ఉండాలి. ఒక మాట మధ్యలో మాత్రం ఎవరూ తీసుకోకూడదు. మాట కింద రాసి ఉంటే ఈ తప్పు జరగదు. ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టండి. మరీ నిదానంగా వాయించాలని పట్టు పట్టొద్దు. నాలుగు లెక్కల బారు నాలుగు సెకన్లలో పోతే ఊపిరి సరిపోతుంది, గంభీరత కూడా తగ్గదు.

శబ్దం విషయంలో ముందు జాగ్రత్త యుఫోనియం గురించే. దాని గంటను, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పు మూతిని, జనం వైపు కాకుండా పక్క గోడ వైపు తిప్పించండి. బాస్ వరసను ఇంకో స్థాయి దించి 'నిండుదనం' తేవాలని చూడకండి. తీగ వాయిద్యాల బాస్‌కి అది అందంగా ఉంటుంది, ఇత్తడికి బరువవుతుంది. ఎక్కడైనా గాంధారం శాక్సు చేతికి వచ్చి పైకి పొడుచుకొస్తుంటే ఆ రెండు లెక్కల మటుకు శాక్సు, క్లారినెట్టు స్వరాలు మార్చేయండి. మోజార్ట్ ఏమీ అనుకోడు. తీగ వాయిద్యాలకు విడిగా రాసిన మొదటి రెండు బార్లను మన నలుగురికే సర్దండి. అవి లేకుండా నేరుగా మొదలుపెడితే వినేవాళ్ళకు కుదురుకునే సమయం ఉండదు.

రిహార్సల్, ఆ రోజు

పెళ్ళిళ్ళ సీజన్లో బ్యాండువాళ్ళ డేట్ల కోసం ప్రాధేయపడి టెన్షన్ పడటం కన్నా పంచాంగం చూసుకోవడం మేలు. మూఢం ఎప్పుడు, ఆషాఢం ఎప్పుడు అన్నది తెలుసుకుని రిహార్సళ్ళు అప్పుడు పెట్టుకోండి. వాళ్ళకూ తీరిక, మనకూ నిమ్మళం. ముందు వయొలిన్, యుఫోనియం ఇద్దరినే కూర్చోబెట్టి మొత్తం వాయించండి. పైగొంతు, కిందిగొంతు కుదిరాక లోపలివాళ్ళను పిలవండి. అందరినీ మొదటి రోజే కలిపితే ఎవరి తప్పు ఎవరిదో తెలియదు. బార్లకు అంకెలతో పాటు అ, ఆ, ఇ అని గుర్తులు పెడితే "ఇ నుంచి" అనగానే అందుకుంటారు.

మా ఎండల్లో శృతి ఒక పట్టాన నిలవదు. వేడికి ఊదే వాయిద్యాలు పైకి పోతాయి, వయొలిన్ తీగలు వదులై కిందికి దిగుతాయి. ఇద్దరూ చెరో వైపు పోతారు కాబట్టి గది బయట శృతి చేసుకుని లోపలికి రావద్దు. వాయించే చోటే కూర్చుని, ఊదేవాళ్ళు కాసేపు వాయిద్యాన్ని వేడెక్కించాక, క్లారినెట్టు స పట్టుకుంటే వయొలిన్ దానికి కలుపుకోవాలి. ప్రసంగం అరగంట సాగిందంటే మళ్ళీ చూసుకోవాలి. పాస్టరు అయ్యగారితో ముందే మాట్లాడి, పాటకు ముందు ఒక చిన్న ప్రార్థన పెట్టమనండి. ఆ సందులో మెల్లగా సరిచూసుకోవచ్చు. ఒక్కొక్కరికీ పాట మొత్తం ఒకే వైపు, పెద్ద అక్షరాలతో, ఒక్క కాగితంలో పట్టేలా రాయండి. ఫ్యాను కింద కూర్చుంటారు కాబట్టి స్టాండుకు నాలుగు బట్టల క్లిప్పులు పెట్టడం మర్చిపోవద్దు.

డబ్బు సంగతి కూడా ముందే తేల్చుకోండి. దేవుడి పని కదా అని రిహార్సల్ రోజులకు ఏమీ ఇవ్వకుండా పిలవడం చాలా చోట్ల చూశాను. వాళ్ళకు అది కూలి పోయే రోజు. పెళ్ళికి ఇచ్చినట్టే అడ్వాన్సు ఇచ్చి, రిహార్సళ్ళకు, ఆ ఆదివారానికి విడివిడిగా లెక్కకట్టి, ఛార్జీలతో సహా అదే రోజు చేతిలో పెట్టండి. కాగితాలు మాత్రం వెనక్కి తీసుకోకండి, వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి.